కట్ కాని రింగు

మా బైబిలమ్మ పోయిందన్న వార్తను నాకెవరూ వచ్చి చెప్పలేదు. గోడ అవతల ఆమె ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ కట్ చేయలేదు. నాకు తెలిసిపోయింది.

ఇది చదివేవాళ్లలో మా వికారాబాదు లూథరన్ సంఘానికి సంబంధం లేనివాళ్లు కూడా ఉంటారు కనుక కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. బైబిలమ్మ అంటే ఊరూరూ తిరిగి, ఇళ్లకు వెళ్లి, ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే మనిషి. మా సంఘాల్లో తాతల కాలం నుంచీ ఉన్న కొలువు. ఇప్పుడు చాలాచోట్ల ఆ కొలువే లేదు. ఈమె కూడా ఎప్పుడో రిటైరైంది. అయినా తిరగడం మానలేదు, జనం ఆ పేరుతో పిలవడమూ మానలేదు. సంఘానికంతా ఆమె బైబిలమ్మ. నాకు పక్కింటి అక్క. చర్చి వెనక వరుస ఇళ్లలో మా రెండింటికీ నడుమ ఒక్కటే గోడ. ఇవతల నా కుట్టుమిషను, అవతల ఆమె మంచం. ఆమె దగ్గితే నాకు వినిపించేది. నేను కత్తెర కింద పడేస్తే ఆమె ఉలిక్కిపడేది.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. మా అమ్మ పోయినప్పటి నుంచి ఒక్కదాన్నే ఉంటాను. పొద్దున్నే మోతలు నాకు పడవు. చంక దగ్గర కుట్టు వేసేటప్పుడు ఎవరైనా పలకరించినా విసుక్కుంటాను. అలాంటిది ఆమె పక్కింట్లోకి వచ్చిన దగ్గర్నుంచి రోజూ తెల్లారగానే గోడ అవతల ఫోను మొదలయ్యేది. మోగేది, కట్టయ్యేది. కాసేపాగి మళ్లీ మోగేది, మళ్లీ కట్టయ్యేది. ఒక్కరితోనూ మాట్లాడిన చప్పుడు లేదు. ఒకరోజు నా ఓపిక అయిపోయి వెళ్లి ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

“ఏందక్కా గీ లొల్లి? ఎత్తి మాట్లాడన్న మాట్లాడు, లేకుంటె బందన్న పెట్టు. రోజు నా పానం తీస్తున్నది గీ ఫోను.”

ఆమె మంచం అంచున కూర్చుని ఫోనును రెండు చేతులతో పట్టుకుని దానివంకే చూస్తోంది. నా వైపు తలైనా ఎత్తలేదు.

“జర ఆగు చెల్లె. కోట్‌పల్లి తాత ఇంకా లేవలే.”

అప్పుడే ఫోను మోగింది. బొటనవేలితో కట్ చేసి, ఊపిరి వదిలి, “లేసిండు” అంది. “రా, ఇగ చాయ్ తాగుదాం.”

ఆ చాయ్ తాగుతూ చెప్పింది. చుట్టుపక్కల ఊళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు పొద్దున కళ్లు తెరవగానే ఆమెకు ఒక రింగు ఇవ్వాలి. ఆమె ఎత్తదు, కట్ చేస్తుంది. రింగు ఇచ్చారంటే ‘లేచాను’ అని. కట్ చేసిందంటే ‘చూశాను, నేనూ లేచాను’ అని. అంతే ఏర్పాటు. ఎండ గడప మీదికి వచ్చేసరికి ఎవరిదైనా రింగు రాలేదంటే చెప్పులు వేసుకుని బస్సెక్కేది. బస్సు లేకపోతే ఆటో. చాలాసార్లు అక్కడ ఏమీ అయి ఉండేది కాదు. ఛార్జింగు లేక ఫోను ఆరిపోయి ఉండేది, లేకపోతే మనిషి ఫోను ఇంట్లో మరిచి పొలానికి పోయి ఉండేవాడు. అలాంటి రోజుల్లో ఆమె ఎంత సంతోషంగా తిరిగొచ్చేదో చూడాలి. ఛార్జీలు దండుగైనాయని నేను గొణిగితే నవ్వేది. కొన్నిసార్లు మాత్రం అక్కడ జ్వరం ఉండేది, స్నానం చేసే చోట జారిపడి లేవలేని మనిషి ఉండేది. అప్పుడు ఆలస్యంగా వచ్చేది, వచ్చి అన్నం తినకుండా కూర్చునేది.

“ఇప్పుడు ఫోన్ల మాటలు ముఫ్తేనాయె. ఎత్తి మంచిగున్నవా అని అడగరాదు?” అన్నాను నేను.

“అడిగితె అందరు మంచిగనే ఉన్నమంటరు. పక్కల నుంచి లేవలేనోడు గూడ మంచిగున్న అంటడు. రింగు గట్ల కాదు చెల్లె. ఆలిస్యమైతె తెలుస్తది. మీట తప్పు ఒత్తి మళ్ల మళ్ల మోగితె తెలుస్తది. ఎత్తితె అబద్ధం మొదలైతది.”

ఆ తర్వాత నేను మోతకు అలవాటు పడ్డాను. పడ్డాను అంటే, తిట్టుకుంటూనే అలవాటు పడ్డాను.

ఈ ఏర్పాటు ఎందుకు మొదలుపెట్టిందో నేను అడగలేదు. ఒక సాయంత్రం నా అరుగు మీద కూర్చుని కందిపప్పు ఏరుతూ తనే చెప్పింది. ఆమె ఇంతకు ముందు పనిచేసిన ఊళ్లో సంఘంలో ఒక వితంతువు ఉండేది. చర్చిలో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. ఒక ఆదివారం రాలేదు. బిడ్డ దగ్గరికి పోయిందేమో అనుకున్నారు అందరూ. ఆ మరుసటి ఆదివారమూ రాలేదు. అప్పుడు బైబిలమ్మ వాళ్లింటికి వెళ్లింది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పిలిచింది, కొట్టింది. చివరికి ఇరుగుపొరుగు మగవాళ్లు వచ్చి తలుపు ఊడబీకారు. లోపల ఏం చూసిందో నాకు చెప్పలేదు. గడియ గురించి మాత్రమే చెప్పింది.

“తలుపు దాకా పాక్కుంట ఒచ్చింది చెల్లె ఆమె. చెయ్యి గడియకు అందలే.”

ఆమె పప్పు ఏరడం ఆపలేదు. రాయి తీసి పక్కన పెడుతూనే ఉంది.

“గా సప్పుడు నాకు ఇప్పటికి ఇనవడ్తది. నేను కొట్టిన సప్పుడు గాదు. లోపలి నుంచి ఆమె గీకిన సప్పుడు. నేను ఇన్ననా అంటె ఇనలే. నేను పోయేటాలకే అంతా అయిపోయింది. గని ఇనవడ్తది. పొద్దుగాల్ల ఎక్కువ ఇనవడ్తది.”

ఏమైనా అనాలి కదా అని, “ప్రార్థన చేసుకో అక్కా, పోతది” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, “పోవద్దనే చేసుకుంట” అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు, కొంచెం కోపం కూడా వచ్చింది. భయపెట్టేదాన్ని పోగొట్టుకోక దాచుకోవడమేమిటి?

ఆ ఊరి నుంచి వచ్చి మా వరుసలో ఇల్లు తీసుకోగానే చేసిన మొదటి పని, వడ్రంగిని పిలిపించి తన తలుపుకు లోపలి గడియ పీకించడం. దాని స్థానంలో ఇప్పటికీ మేకుల రంధ్రాలున్నాయి. రాత్రిపూట తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టుకునేది. దొంగలొస్తే ఏం చేస్తావని దెప్పితే, “ఏమెత్తుకపోతరు, నా గోర్ల కత్తెరనా?” అనేది.

ఆ గోర్ల కత్తెర గురించి చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే. బయటికి వెళ్లినప్పుడల్లా భుజాన ఒక గుడ్డసంచి. నేనే కుట్టిచ్చాను, జాకెట్ల ముక్కలతో. అందులో బైబిలు, కొబ్బరినూనె సీసా, దువ్వెన, గోర్ల కత్తెర, ఒక పాత తువ్వాలు. ఏ ఇంటికి పోయినా ముందు వేడినీళ్లు పెట్టమనేది. తాగడానికేమో అనుకునేవాళ్లు. ఆమె ఆ నీళ్లలో ముసలివాళ్ల కాళ్లు నానబెట్టి, మెత్తబడ్డాక గోళ్లు కత్తిరించేది. మడమల పగుళ్లకు నూనె రాసేది. వాక్యమూ ప్రార్థనా ఆ తర్వాతే, అదీ వాళ్లు వద్దనకపోతేనే. నేను ఒకసారి తోడు వెళ్లి ఆ పని చూసి ముక్కు మూసుకున్నాను. బస్సులో వస్తూ నన్ను దులిపేసింది.

“అన్నం పెట్టెటోళ్లు దొరుకుతరు. గోలీలు తెచ్చిచ్చెటోళ్లు దొరుకుతరు. గోర్లు తీసెటోళ్లు దొరుకుతరా చెల్లె? తన కాలు తనకు అందని మనిషికి ఎవలు తియ్యాలె?”

మా స్త్రీల సమాజంలో ఒకసారి ఈ పరిచర్య సంగతి చర్చకు వచ్చింది. ఎంతమంది మన సంఘస్తులు, ఎంతమంది కారు అని ఎవరో అడిగారు. ఆమె ఆలోచించి, “గోర్లైతె అందరికి ఒక్క తీర్గనే పెరుగుతున్నయమ్మా” అంది. మళ్లీ ఎవరూ అడగలేదు. నిజానికి మోమిన్‌పేట్ అవ్వ మల్లన్నను మొక్కే మనిషి. భర్త లేడు. కొడుకులు గొర్లను తోలుకుని మేతకు కృష్ణా నది దిక్కు పోతే నెలల తరబడి తిరిగిరారు. మంద వెంట పోలేని ఒక కుంటి మేకతో ఆమె ఒక్కతే ఇంట్లో. తాండూరు సేటు సంగతి ఇంకా విచిత్రం. ఆయనకు బజారులో పెద్ద దుకాణం, పైన ఇల్లు, ఇంటినిండా కొడుకులు, కోడళ్లు, పిల్లలు. వికారాబాదు దవాఖానలో ఉన్నప్పుడు పక్క మంచం మీది మా సంఘస్తుడి గోళ్లు తీయడానికి బైబిలమ్మ వెళితే, ఆయనకూ తీసిందట. ఇంటికి పోయేటప్పుడు ఆయనే అడిగాడట, నేనూ రింగు ఇవ్వనా అని.

“మీకెందుకు సేటూ, ఇంటినిండ మనుషులున్నరు గద” అంటే ఆయనన్న మాట ఆమె చాలాసార్లు చెప్పేది.

“ఉన్నరమ్మా. దుకాణం తీసిన్రా లేదా అని అడుగుతరు. నేను లేసిన్నా లేదా అని అడిగెటోడు లేడు.”

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, పరిచర్యల గురించి అడిగేవారు. ఎవరు ఏ ఊరు వెళ్లారు, ఏం చేశారు అని. మిగతావాళ్లం లేచి ఎంతసేపైనా చెప్తాం. ఆమె తన చోట లేచి నిలబడి, కొంగు సర్దుకుని, “ఈ వారం అందరు లేసిన్రు అయ్యగారూ” అనేది. కూర్చునేది. ఏదైనా వారం ఎవరైనా పోతే, “ఒక్కలు లేవలే” అని మాత్రం అని కూర్చునేది. ఆ రోజు ప్రకటనలు అక్కడితో ముగిసేవి.

మరి ఆమె ఎవరికి రింగు ఇస్తుంది? ఈ సందేహం నాకు ఒకసారి వచ్చింది. అడిగేశాను కూడా. ఆమె పకపక నవ్వింది.

“నాకేం ఫికర్? గోడ అవతల నువ్వున్నవు. పొద్దుగాల నువ్వు తిట్టుకుంట మిషను తొక్కుతుంటె నాకు తెల్లారినట్టు. నా ఫోను మోగి కట్టయితుంటె నీకు తెల్లారినట్టు.”

అప్పుడు ముఖం మాడ్చుకున్నాను, తిట్టుకుంటానన్న మాట పట్టుకుని. ఇప్పుడు ఆ నవ్వు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం మొదలైన వారం అది. నేను ఎవరి పెళ్లి జాకెట్టుకో చేతులు అతుకుతున్నాను. ఫోను మోగింది. అలవాటుకొద్దీ చెవి కట్ కోసం ఎదురుచూసింది. కాలేదు. నీళ్లు పట్టడానికి పోయిందేమో అనుకున్నాను. అది చివరిదాకా మోగి ఆగింది. వెంటనే ఇంకొకటి. అదీ చివరిదాకా మోగింది. మిషను మీద నా కాలు ఆగిపోయింది. గోడ మీద అరచేత్తో కొట్టాను. “అక్కా, ఫోన్ మోగుతున్నదే” అన్నాను.

తలుపు నెట్టగానే ఇటుక జరిగి తెరుచుకుంది. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి చెదరలేదు. దిండు పక్కన ఫోను, ఫోను మీద చెయ్యి. ఆ చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. నిద్రలోనే పోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను ముట్టుకుని చూసి చెయ్యి తీసేలోపు ఫోను మళ్లీ మోగింది. అది వణికేసరికి దాని మీదున్న ఆమె వేళ్లు కదిలాయి. “లేసినవా అక్కా!” అని కేక పెట్టాను. ఫోను ఆగింది. వేళ్లూ ఆగాయి.

ఆ క్షణం నన్ను వదలదు. ఇది రాస్తుంటే కూడా నా వేళ్ల వంక చూసుకుంటున్నాను.

అక్కణ్నుంచి వరుసగా మోగుతూనే ఉంది. మోమిన్‌పేట్ అవ్వ అని వచ్చింది, దౌల్తాబాద్ అమ్మ అని వచ్చింది, తాండూరు సేటు అని వచ్చింది. ఆమె వాళ్లను అలాగే రాసుకుంది. నేను ఏం చేయాలి? ఎత్తి చెప్పడానికి నోరు రాలేదు. కట్ చేయడానికి వేలు పోలేదు. కట్ చేస్తే ‘నేనూ లేచాను’ అని కదా అర్థం. లేవని మనిషి ముందు కూర్చుని ఆమె పేరుతో ఆ మాట ఎలా చెప్పను? అలాగే మోగనిచ్చాను. నా జీవితంలో అంత మోత ఎన్నడూ వినలేదు.

అయ్యగారు వచ్చారు, సమాజం ఆడవాళ్లు వచ్చారు. ఊళ్లవాళ్లకు ఎలా కబురు చేయాలా అని మాట్లాడుకుంటూ ఉండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. భుజాన గొంగడితో ఒక ముసలామె దిగింది. నేను ఎప్పుడూ చూడకపోయినా మోమిన్‌పేట్ అవ్వ అని తెలిసిపోయింది. ఏమైందని ఆమె అడగలేదు. “ఇల్లేది?” అంది, అంతే. లోపలికొచ్చి, మంచం పక్కన కింద కూర్చుని, దుప్పటి కాళ్ల దగ్గర పైకెత్తి బైబిలమ్మ పాదాలను చూసింది. గోళ్లు పెరిగి ఉన్నాయి. అవ్వ నా వైపు తిరిగి, “కత్తెర యాడున్నది బిడ్డా?” అంది.

ఆ సంచీ తెచ్చిచ్చాను. నీళ్లు నేనే వేడి పెట్టాను. మల్లన్నను మొక్కే చేతులు మా బైబిలమ్మ గోళ్లు ఒక్కొక్కటే తీస్తుంటే సమాజం ఆడవాళ్లంతా పాట ఆపేసి చూస్తూ నిలబడ్డారు. నేను ఈసారి ముక్కు మూసుకోలేదు. ఏడ్చాను.

మధ్యాహ్నం బండికి తాండూరు సేటు దిగాడు. కోట్‌పల్లి తాతను ఎవరో మోటారుసైకిలు మీద తీసుకొచ్చారు. వాళ్లకెవరికీ మేము కబురు పెట్టలేదు. ఒకరికొకరు పరిచయమూ లేదు. సమాధి తోటలో మా పాటలు రాక, ఒక పక్కన గుంపుగా నిలబడ్డారు. పెట్టె దించేటప్పుడు అవ్వ గట్టిగా, “నేను రింగిచ్చిన తల్లీ, నేనిచ్చిన” అంది. అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టారు.

ఫోను నా దగ్గర ఉంచమన్నారు అయ్యగారు. పక్కింటిదాన్ని కదా. “కొన్నాళ్లు చూసి నంబరు తీసేద్దామమ్మా. అందరికీ తెలిసిందిగా, ఇంకెవరు చేస్తారు” అన్నారు.

మర్నాడు తెల్లారగానే మోగింది.

మోమిన్‌పేట్ అవ్వ. నిన్ననే మట్టి వేసి పోయిన మనిషి. తర్వాత సేటు. తర్వాత దౌల్తాబాద్ అమ్మ. ఆమె పోయిందని తెలిసినవాళ్లూ ఇచ్చారు, తెలియనివాళ్లూ ఇచ్చారు. నేను ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. డబ్బాలోంచి మోగింది. బియ్యం మధ్య ఆ మోత ఎక్కడో మట్టి కిందనుంచి వస్తున్నట్టు ఉంది. తీసి బయట పెట్టాను. ఆపేద్దామని మీట మీద వేలు పెట్టి, నొక్కలేక, ఛార్జింగు పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. కట్ మాత్రం చేయలేదు. ఆ కట్ ఆమెది.

ఆ ఆదివారం ప్రకటనల్లో అయ్యగారు పరిచర్యల దగ్గరికి వచ్చి, మరిచిపోయి, ఆమె కూర్చునే చోటు వైపు చూశారు. మేమంతా అటే చూశాం. ఎవరూ లేవలేదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ముగింపు పాట చెప్పారు.

తర్వాత మొదలైంది అసలు నరకం. రింగులు తగ్గసాగాయి. ఒక పొద్దున కోట్‌పల్లి తాత ఇవ్వలేదు. మరో పొద్దున దౌల్తాబాద్ అమ్మ ఇవ్వలేదు. కట్ చేసేవాళ్లు లేరని మానేశారా? లేక లేవలేదా? రెండింటికీ ఒకటే నిశ్శబ్దం. మిషను తొక్కుతుంటే గోడ అవతలి ఖాళీ ఇంట్లోంచి గీకుతున్న చప్పుడు వినిపించేది. ఎలుకలే అయి ఉంటాయి. వెళ్లి చూశాను. ఎలుకలు లేవు. “పోవద్దనే చేసుకుంట” అని ఆమె ఎందుకందో అప్పుడు తెలిసింది. ఆ చప్పుడు పోతే ఆమె బస్సెక్కేది కాదు.

ఒకరోజు మోమిన్‌పేట్ అవ్వ రింగు రాలేదు. అప్పటిదాకా ఒక్క పొద్దున కూడా తప్పని మనిషి. ఎండ గడప మీదికి వచ్చింది. నేను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఒక కస్టమరు జాకెట్టు కోసం వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెను అక్కడే వదిలేసి, గుడ్డసంచి భుజాన వేసుకుని బస్సెక్కాను. దారి పొడవునా, తలుపు గడియ పెట్టి ఉండకూడదు ప్రభువా, గడియ పెట్టి ఉండకూడదు అని అదే ప్రార్థన. మోమిన్‌పేట్‌లో దిగి మందలు కట్టే ఇళ్ల వైపు దారి అడుగుతూ పోయాను.

తలుపు బార్లా తీసి ఉంది. అవ్వ వాకిట్లో కూర్చుని కుంటి మేకకు తుమ్మకాయలు పెడుతోంది. నన్ను చూసి కదలలేదు.

“ఒచ్చినవా” అంది.

అక్కడే కూలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. “ఏమయిందవ్వా నీకు? ఫోన్ యాడ పారేసినవ్? నా గుండె ఆగినంత పనాయె! మోగితె ఎత్తరాదు?”

“మోగింది. ఇన్న. ఎత్తలే.”

“ఎందుకెత్తలే?”

“ఎత్తితె నువ్వొస్తవా?”

అవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

“ఇన్ని దినాలు ఇచ్చిన గద. ఒక్కపారన్న కట్ చేసినవా? ఎవలన్న ఉన్నరా అవుతల, లేరా? జర సూద్దామని ఇయ్యాల ఇయ్యలే.”

“నేను ఆమెను కాదవ్వా” అన్నాను. “ఆమె పేరు మీద నేనెట్ల కట్ చెయ్యాలె? నువ్వు మట్టేసి గూడ మళ్ల ఎందుకిచ్చినవ్? ఆమె లేదని నీకెరుకే గద.”

అవ్వ మేక మెడ నిమిరింది.

“నేను రింగిచ్చేది నా కోసమనుకున్నవా బిడ్డా? నాకేమాయె, నేనుంటె ఎంత పోతె ఎంత. గా తల్లి లేసిందా లేదా అని గద నాకు ఫికర్. ఒక్కతే ఉంటది, ఎండల తిరుగుతది, తిన్నదో లేదో. కట్ అయితె, ఆ, లేసింది అనుకుందును. గప్పుడు చాయ్ పెట్టుకుందును.” నా వైపు తిరిగి అంది, “ఇప్పుడు నువ్వు ఎవలికిస్తవ్?”

“ఏంది?”

“రింగు. పొద్దుగాల నువ్వెవలికిస్తవ్?”

గోడ గుర్తొచ్చింది. గోడ అవతల ఎవరూ లేరని అప్పటిదాకా ఆమె కోసమే ఏడ్చాను. నన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్లూ లేరని ఆ వాకిట్లో కూర్చున్నాకే తట్టింది. నేను లేవకపోతే ఎవరికి తెలుస్తుంది? జాకెట్టు ఆలస్యమైన కస్టమరుకు తెలుస్తుందేమో.

“నాకు దేవుడున్నడవ్వా” అన్నాను, బింకంగా.

“ఉంటడు. లేడన్ననా?” అంది అవ్వ. “గని కట్ చేస్తడా?”

నవ్వొచ్చింది. ఆమె పోయాక మొదటిసారి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అవ్వ తన కొంగుతోనే నా ముఖం తుడిచి, “నాకియ్యి. నేను కట్ చేస్త” అంది. “మల్లన్న సాచ్చిగ చేస్త.”

తిరిగి వచ్చేముందు నీళ్లు వేడి పెట్టి అవ్వ కాళ్లు నానబెట్టాను. నాకు బట్ట కత్తిరించడం వచ్చు గానీ గోళ్లు తీయడం చేతకాదు. ఒకచోట చిన్నగా తెగింది. “ఆమె చెయ్యి మెత్తగుండె” అని అవ్వ సణిగింది. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చి ఆ ఫోనులో ఉన్న వాళ్లందరికీ చేసి, రింగు మానొద్దు, ఇక నేను కట్ చేస్తానని చెప్పాను. దౌల్తాబాద్ అమ్మ గొంతు వినగానే నాకు దుఃఖం ఆగలేదు. సేటు, “సరేనమ్మా” అని, ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. కోట్‌పల్లి తాత, “నువ్వెవలు?” అని గద్దించాడు. పక్కింటి మిషనామెను అన్నాను. “ఆ, తిడ్తవట గదా, ఆమె చెప్పింది” అన్నాడు.

మర్నాడు తెల్లారింది. లేచి కూర్చున్నాను. నా ఫోను తీసి మోమిన్‌పేట్ అవ్వకు రింగు ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకునే ధైర్యం లేక మిషను మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మోగుతోంది. అవ్వ ఎత్తదు, ఎత్తకూడదు. మోగుతూనే ఉంది. ముసలి చెయ్యి, మీట దొరకడం లేదేమో. గోడ వైపు చూశాను. అటువైపు నుంచి ఏ చప్పుడూ లేదు, ఎలుకల చప్పుడు కూడా లేదు. అప్పుడు కట్ అయింది.

ఆ వెంటనే పక్కనున్న ఆమె ఫోను మోగింది. కోట్‌పల్లి తాత. నేను కట్ చేశాను. ఇప్పుడు రోజూ చేస్తున్నాను. కానీ మోగిన ప్రతిసారీ వేలు దాని మీదికి తీసుకెళ్లి ఒక్క క్షణం ఆగుతాను, ఆమె చెయ్యి ముందు పడుతుందేమోనని.